వేలూరు కోట చుట్టూ మూడు రాళ్లు



వేలూరు పేరు చెబితే మన సరిహద్దు జిల్లాలవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పెద్దాసుపత్రి. చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి, గుడియాత్తం నుంచి, ఇంకా ఎగువన కడప, అనంతపురం నుంచి కూడా కాగితాల సంచీ చంకన పెట్టుకొని వస్తారు. పొద్దున రక్తం ఇచ్చినవాళ్లకు రిపోర్టు సాయంత్రానికి గానీ చేతికి రాదు. మధ్యలో ఒక పూట ఖాళీ. ఆ పూట లాడ్జిలో పడుకొని పైకప్పు చూడకుండా, కాస్త ఓపిక ఉన్నవాళ్లు కోటవైపు నడవండని చెప్పడానికే ఈ ప్రసంగం.

కోట లోపల ఏమేం ఉన్నాయో మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. జలకంఠేశ్వరుడి గుడి ఉంది, మసీదు ఉంది, చర్చి ఉంది. చుట్టూ అగడ్త. నేను చెప్పదలచుకొన్నది కోట బయట ఉన్న మూడు కట్టడాల గురించి. ఒకటి సమాధి, ఒకటి గడియార స్తంభం, ఒకటి వట్టి స్తంభం. మూడూ యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల జ్ఞాపకానికి నిలిచినవే. కానీ నిలిపిన చేతులు వేరు, కాలాలు వేరు. ఈ మూడింటినీ ఒకే పూటలో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పోరులో పడ్డవాళ్లందరికీ రాయి దొరకదు. దొరికినవాళ్లకూ అందరికీ పేరు దక్కదు.

ముందుగా కథ. మన పెద్దవాళ్లు ఈ ఊరిని రాయవేలూరు అనేవారు. ఇప్పటికీ చిత్తూరు పల్లెల్లో ముసలివాళ్లు ఆ మాటే అంటారు. రాయలంటే విజయనగర రాయలు. 16వ శతాబ్దంలో వాళ్ల కింది నాయకులు కట్టించిన కోట ఇది. తళ్లికోట యుద్ధం తర్వాత రాజ్యం దక్షిణానికి జరిగినప్పుడు ఆరవీటి రాజులు చంద్రగిరిలోనూ ఇక్కడా ఉండి ఏలారు. 1614లో వెంకటపతి రాయలు పోయాక, ఆయన వారసుణ్ణి కుటుంబంతో సహా ఈ కోటలోనే చంపేశారు. ఒక్క పిల్లవాణ్ణి మాత్రం వెలుగోటి యాచమనాయుడు బయటికి తప్పించాడు. అంటే నెత్తురు ఈ కోటకు కొత్త కాదు. అయితే మన కథ అక్కడికి రెండు వందల ఏళ్ల తర్వాతది.

1799 మే నెలలో శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాను చనిపోయాడు. ఆయన కొడుకులను, బిడ్డలను, అంతఃపురాన్ని ఈస్టిండియా కంపెనీవారు తెచ్చి వేలూరు కోటలో ఉంచారు. భరణాలు ఇచ్చారు, నౌకర్లను ఇచ్చారు. బయటికి పోయే స్వేచ్ఛ ఒక్కటి ఇవ్వలేదు. కోటకు కాపలా కాసింది కంపెనీ సైన్యం. ఆ సైన్యంలో తెల్లవాళ్లు కొందరే. ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయిలు, అంటే తెలుగువాళ్లు, తమిళులు, దక్కను ముస్లిములు.

ఇక్కడ ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. ఉత్తరాదిలో ఆ కాలాన ఎర్రకోటు తొడుక్కున్న కంపెనీ సిపాయిని ఏమని పిలిచేవారో తెలుసా? తిలంగా అని. తెలంగులు, తెలుగువాళ్లు అన్న మాటే అది. మద్రాసు తీరం నుంచి క్లైవు తీసుకుపోయిన సిపాయిలను చూసి బెంగాలువాళ్లు, హిందుస్తానీవాళ్లు ఆ పేరు పెట్టారు. తర్వాత అక్కడి భోజ్‌పురీ కుర్రవాడు సైన్యంలో చేరినా వాడూ తిలంగాయే అయ్యాడు. మన జాతి పేరు పరాయి దేశంలో ఒక ఉద్యోగానికి పేరైపోయిందన్నమాట. దీనికి గర్వపడాలో, ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

సరే, 1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ దుస్తుల విషయంలో కొత్త ఆజ్ఞలు తెచ్చాడు. కవాతులో నుదుట బొట్టు, నామాలు, విభూతి ఉండకూడదు. చెవులకు పోగులు ఉండకూడదు. గడ్డం గీయించాలి, మీసం అందరికీ ఒకే కొలతలో ఉండాలి. వీటితోపాటు కొత్త రకం తలపాగా. దాని వాటం అచ్చం టోపీలాగా ఉంది, దానికి తోలుతో చేసిన అలంకారం ఒకటి. మనవాళ్లకు ఆనాడు టోపీ అంటే తెల్లవాడి గుర్తు, వాళ్ల మతంలో కలిసినవాడి గుర్తు. ఆ తోలు ఏ జంతువుదో అన్న అనుమానం హిందువుకూ ఉంది, ముస్లిముకూ ఉంది. పాతికేళ్లు నమ్మకంగా కొలువు చేసిన ముసలి సుబేదారు తన ఊళ్లో, తన కులంలో ఏ మొహంతో తిరగాలి? పెళ్లికి పిలుస్తారా? పంక్తిలో కూర్చోనిస్తారా? ఆజ్ఞ రాసినవాళ్లకు ఇవి తట్టలేదు. అందరూ ఒకే తీరున కనిపించాలి, అంతే వాళ్ల లెక్క.

1806 మే నెలలో వేలూరులోనే ఉన్న 4వ రెజిమెంటు రెండో పటాలం ఆ తలపాగా పెట్టుకోం అంది. ఎదురు చెప్పినవాళ్లను మద్రాసుకు పంపి విచారించారు. ఒక హిందువుకు, ఒక ముస్లిముకు కొరడా దెబ్బలు కొట్టించి కొలువులోంచి తీసేశారు. ఇంకో 19 మంది తప్పు ఒప్పుకున్నామంటే దెబ్బలు మాఫీ చేశారు. ఆ పటాలాన్ని వేలూరు నుంచి మార్చి మరొకదాన్ని తెచ్చారు. దానితో గొడవ తీరిపోయిందనుకొన్నారు. మసక మసకగా హెచ్చరికలు అందకపోలేదు. ముస్తఫా బేగ్ అనే సిపాయి ముందుగానే వచ్చి కుట్ర జరుగుతోందని చెప్పాడు. వాడికి మతి చెడిందన్నారు. అంతా అయిపోయాక వాడికే బహుమానం ఇచ్చారు, అది వేరే సంగతి.

1806 జూలై నెలలో కోటలో ఉన్నది ఎవరు? ఇంగ్లండు రాజుగారి 69వ రెజిమెంటు నుంచి నాలుగు కంపెనీల తెల్ల సైనికులు. మద్రాసు సైన్యంలోని 1వ రెజిమెంటుకు చెందిన రెండు పటాలాలు, 23వ రెజిమెంటు రెండో పటాలం. మామూలుగా సిపాయిలు పెళ్లాం బిడ్డలతో కోట బయట గుడిసెల్లో ఉంటారు. జూలై 10 పొద్దున కవాతు ఉందని, ముందు రాత్రి చాలామందిని కోటలోనే పడుకోమన్నారు. అంతకుముందు రోజే టిప్పు కూతురి పెళ్లి. కోటలో జనం, సందడి.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే తుపాకులు పేలాయి. ముందు కాపలావాళ్లు పడ్డారు. తర్వాత నిద్రలో ఉన్న 69వ రెజిమెంటు బారకాసుల మీద కిటికీల్లోంచి కాల్పులు. కోటకు అధికారి కర్నల్ ఫాన్‌కోర్టు ఇంటి బయటికి రాగానే పడిపోయాడు. ఆయన భార్య ఇద్దరు పిల్లలను పెట్టుకొని దాక్కొని బతికింది. ఆ రాత్రి ఏం జరిగిందో ఆమె స్వయంగా రాసింది. 1842లో ఆ రాత అచ్చయింది కూడా. చదివితే మనసు కలుక్కుమంటుంది, తల్లి తల్లే కదా. కోట బయటి గుడిసెల్లో ఆ రాత్రి అంతా తుపాకుల చప్పుడు వింటూ కూర్చున్న సిపాయి భార్యలు వందల మంది ఉన్నారు. వాళ్లకు రాత రాదు, రాసి పెట్టినవాళ్లూ లేరు. వాళ్ల పిల్లలు ఎక్కడికి పోయారో ఏ పుస్తకంలోనూ దొరకదు.

తెల్లారేసరికి కోట మీద మైసూరు జెండా ఎగిరింది. టిప్పు కొడుకుల్లో ఫతే హైదర్ రాజన్నారు. 69వ రెజిమెంటువాళ్లు 115 మంది, సిపాయి పటాలాల అధికారులు 14 మంది చచ్చిపోయారు. కానీ ఆ తర్వాత ఏం చేయాలో తిరగబడ్డవాళ్లకు ఒక పద్ధతి లేకపోయింది. కొందరు దోపిడీలో పడ్డారు. తలుపులు, బురుజులు గట్టి చేసుకోలేదు. ప్రధాన ద్వారం మీది గోడ పట్టుకొని కొద్దిమంది తెల్ల సైనికులు మిగిలారు. ఈలోగా కోట బయట ఉన్న ఒక అధికారి ఆర్కాడుకు కబురు పంపాడు. ఆర్కాడు అంటే పాలారు ఒడ్డున, రాణిపేటకు ఎదుటి ఊరు. వేలూరుకు సుమారు 16 మైళ్లు. అక్కడి దండులో కర్నల్ రోలో గిలెస్పీ ఉన్నాడు. కబురు అందిన మరుక్షణం గుర్రమెక్కాడు. వెనక నుంచి గుర్రపు ఫిరంగులను తెమ్మని చెప్పి, ఉన్న కొద్దిమందితోనే ముందుగా వచ్చిపడ్డాడు. పైనున్నవాళ్లు తాడు వదిలితే పట్టుకొని గోడ ఎక్కాడు. ఫిరంగులు వచ్చి తలుపు పగలగొట్టాయి. గుర్రపు దండు లోపలికి దూరింది.

ఆ తర్వాత జరిగింది యుద్ధం కాదు. ప్రాసాదంలో దాక్కున్న సిపాయిలను సుమారు నూరు మందిని బయటికి లాగి, అధికారులు బంతాట ఆడుకొనే గోడ ముందు నిలబెట్టి కాల్చేశారు. తలుపు పగలగొట్టించిన ఇంజనీరు బ్లాకిస్టన్ 1829లో తన జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేయించాడు. ఆ రోజు ఆ దృశ్యం తనకు న్యాయంగానే తోచిందనీ, ఇన్నేళ్ల తర్వాత దాన్ని సమర్థించడం మాత్రం కష్టంగా ఉందనీ ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి కోట సద్దుమణిగింది. చచ్చిన సిపాయిలు ఎందరు? సుమారు 350 అని ఒక లెక్క, 800 దాటిందని ఇంకో లెక్క. అటు తెల్లవాళ్ల వైపు 115 అని ఒక్కటి కూడా తేడా లేకుండా ఉంది. ఇటు నాలుగు వందలకు పైగా తేడా! మనుషులను లెక్కపెట్టలేదు, ఊడ్చిపారేశారు.

విచారణ తర్వాత ఇంకా ఆరుగురిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. ఐదుగురిని కాల్చారు. ఎనిమిది మందిని ఉరి తీశారు. ఐదుగురిని ద్వీపాంతరం పంపారు. టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించారు. అంతా అయ్యాక తలపాగా ఆజ్ఞ రద్దయింది. క్రాడక్‌నూ, గవర్నరు బెంటింకునూ 1807లో వెనక్కి పిలిపించారు. 1806లోనే హైదరాబాదు దండులోనూ ఇదే తలపాగా మీద కలవరం పుట్టింది, అక్కడి అధికారి ఆ ఆజ్ఞను పక్కన పెట్టేసరికి చల్లబడింది. అంటే ఇది ఒక్క కోట గొడవ కాదు. 1857కు 51 ఏళ్ల ముందటి మాట ఇది.

ఇప్పుడు రాళ్ల దగ్గరికి వద్దాం.

మొదటిది కోటకు ఎదురుగా, పాత యూరోపియన్ శ్మశానంలో ఉంది. ఆ రాత్రి చచ్చిన తెల్ల సైనికుల సమాధి, పొట్టిగా పెట్టెలాగా ఉంటుంది. పెద్ద ఆడంబరం ఏమీ లేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ సమాధి ఉండాల్సిందే. నిద్రలో చచ్చిన ఆ కుర్రవాళ్లు తలపాగా ఆజ్ఞ రాసినవాళ్లు కారు. కూటికోసం పటాలంలో చేరి సముద్రం దాటి వచ్చినవాళ్లు. మా బడి పిల్లలను అక్కడికి తీసుకుపోయినప్పుడు ఒకడు చెప్పులు విప్పి నిలబడ్డాడు, ఎవరూ చెప్పకుండానే. వాణ్ణి నేనేమీ అనలేదు.

సిపాయిలకు మాత్రం అప్పుడు రాయి లేదు. రాయి సరే, ఉన్నది కూడా తీసేశారు. 1వ రెజిమెంటు, 23వ రెజిమెంటు అనే అంకెలనే సైన్యం జాబితాలోంచి కొట్టేశారు. మనకు ఊరి పేరు, ఇంటి పేరు ఎలాగో సిపాయికి రెజిమెంటు అంకె అలాంటిది. కొలువులో మిగిలినవాళ్లను చేర్చి 24వది అని కొత్త అంకె ఇచ్చారు. ఆ 24వ రెజిమెంటు ఒకటో పటాలం 1817 నవంబరులో నాగపురం దగ్గర సీతాబల్డీ గుట్ట మీద మరాఠా సైన్యంతో పోరాడి నిలబడింది. నాగపురం ప్రాంతంలో వింటున్న శ్రోతలకు ఆ గుట్ట బాగా తెలుసు. ఆ పోరులో బతికి బయటపడ్డవాళ్లు బహుమానంగా ఏమడిగారు? డబ్బు కాదు, భూమి కాదు. మా పాత అంకె మాకిమ్మన్నారు. మా అంగీ అంచుల పాత రంగు మాకిమ్మన్నారు. కంపెనీ ఇచ్చింది. పదకొండేళ్లు ఆ మనుషులు ఆ అంకెను గుండెల్లో దాచుకున్నారన్న మాట.

ఇంకో విచిత్రం చెబుతాను. వేలూరు గోడ ఎక్కిన ఆ గిలెస్పీయే 1814లో డెహ్రాడూను దగ్గర కళంగా కోట ముట్టడిలో గూర్ఖాల చేతిలో చచ్చిపోయాడు. అక్కడ బ్రిటిషువాళ్లు పక్కపక్కనే రెండు తెల్ల స్తంభాలు కట్టారు. ఒకటి గిలెస్పీకి, ఆయనతో పడ్డవాళ్లకు. రెండోది ఎవరికనుకొన్నారు? కోట కాపాడిన గూర్ఖా నాయకుడు బలభద్రుడికి! వీరుడైన శత్రువు అని గౌరవించారు. అంటే శత్రువుకు కూడా రాయి వేయగలిగిన మనసు వాళ్లకు లేకపోలేదు. కాకపోతే బలభద్రుడు పరాయి రాజు కొలువులో ఉన్నవాడు. వేలూరు సిపాయి తమ ఉప్పు తిన్నవాడు. శత్రువుకు గౌరవం ఇవ్వవచ్చు, కానీ తిరగబడ్డ నౌకరుకు ఇవ్వకూడదు. ఇస్తే మిగతా నౌకర్లు చూస్తారు.

రెండో కట్టడం కోటకు దగ్గరలోనే, లాంగ్ బజారులో ఉన్న గడియార స్తంభం. కూరగాయల బండ్లు, ఆటోలు, అరుపుల మధ్య ఎవరూ తల ఎత్తి చూడరు. అయిదో జార్జి చక్రవర్తి పట్టాభిషేకం జ్ఞాపకంగా 1920ల్లో కట్టింది. దానిమీద ఇంగ్లీషులో ఒక శాసనం ఉంది. ఈ గ్రామం నుంచి 277 మంది 1914-18 మహాయుద్ధానికి పోయారనీ, వాళ్లలో 14 మంది ప్రాణాలిచ్చారనీ దాని అర్థం. వేలూరు ఆనాటికే పెద్ద పట్నం. అయినా రాతిమీద మాత్రం గ్రామమే! దేశమంతా ఊరూరికీ ఒకే వాక్యం మూసపోసి, అంకెలు మాత్రం మార్చి పలకలు చెక్కించారు కనుక అలా వచ్చింది.

277 మంది. ఫ్రాన్సు ఎక్కడో, మెసపొటేమియా ఎక్కడో వినని ఇళ్లలోంచి పోయినవాళ్లు. ఈసారి వీళ్లు ప్రభుత్వం చెప్పినట్టు విన్నవాళ్లు, ప్రభుత్వం కోసం చచ్చినవాళ్లు. అందుకు రాయి దొరికింది. కానీ ఆ 14 మంది పేర్లు రాయడానికి రాతిమీద చోటు చాలకపోయిందా? 14 పేర్లు మా తరగతి హాజరు పట్టీలో సగం పేజీకి రావు. ఈ ప్రాంతంలో సైన్యానికి కొడుకులను పంపే ఊళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఆ 14 మందిలో ఒకడి మునిమనవడు రోజూ ఆ స్తంభం కిందే బండి పెట్టుకొని అరటిపళ్లు అమ్ముతున్నా మనకు తెలియదు, అతనికీ తెలియదు.

మూడోది మక్కాన్ కూడలిలోని స్తంభం. 1806 సిపాయిల జ్ఞాపకార్థం స్వతంత్ర భారతంలో నిలిపింది. ఏటా జూలై 10న జిల్లా అధికారులు వచ్చి పూలగుత్తులు ఉంచుతారు. 2006లో రెండు వందల ఏళ్లు నిండినప్పుడు తపాలా శాఖ ఒక స్మారక బిళ్ల కూడా తెచ్చింది. ఎన్నాళ్లకో వచ్చినా వచ్చింది. అయితే ఇక్కడా పేర్ల సంగతి అంతే. చెక్కాలని ఉన్నా చెక్కడానికి జాబితా ఏది? కాల్చినవాళ్లు జాబితా రాసుకోలేదు. ఆనాటి కాగితాల్లో మిగిలిన కొద్ది పేర్లు విచారణకు నిలబడ్డవాళ్లవి, అంటే షేక్ కాసిం అనే జమేదారులాంటి వాళ్లవి. నేరస్థుడిగా రాయబట్టి అతని పేరు బతికింది. గోడ ముందు ఊరికే చచ్చినవాడికి ఆ భాగ్యమూ లేదు.

మాటల సంగతి కూడా చూడండి. కంపెనీవాళ్లు దీన్ని మ్యూటినీ అన్నారు, అంటే సైన్యంలో అవిధేయత. తమిళంలో ఒకప్పుడు కలగం అని రాసేవారు, ఇప్పుడు పురట్చి అంటారు. కలగం అంటే మన కలహమే, గొడవ. పురట్చి అంటే విప్లవం. నేను పిల్లలకు రెండు భాషల్లోనూ పాఠం చెబుతాను కనుక ఈ తేడా రోజూ తగులుతుంది. తెలుగులో మనకు పితూరీ అని ఒక పాత మాట ఉంది. రంప పితూరీ అనలేదూ? అందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. పెద్దవాడి మీద చిన్నవాడు తిరగబడ్డాడు, అంతే. నాకైతే వేలూరుకు ఆ మాటే అతికినట్టుంటుంది.

వేలూరు పోవడం పడనివాళ్లు మీ ఊళ్లోనే వెతకండి. 1914 యుద్ధపు పలకలు పాత తాలూకా కచేరీ గోడల మీద, చావడుల దగ్గర, పాత బడుల వసారాల్లో అక్కడక్కడా ఉన్నాయి. కొన్నిటిమీద ఏటేటా సున్నం పూస్తూ పోయారు. అక్షరాలు పూడిపోయి ఉంటాయి. గోటితో గీకకండి, రాయి పాడవుతుంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, పలచని కాగితం పరిచి, పెన్సిలు అడ్డంగా పట్టుకొని రుద్దండి. అంకెలు పైకి తేలతాయి. ఆ అంకెలు ఊళ్లో వయసు మళ్లినవాళ్లకు చూపించి, మీ ఇంట్లోంచి ఆ యుద్ధానికి ఎవరైనా పోయారా అని అడగండి. పాత పతకం ఉందనో, పింఛను కాగితం ఉందనో ఎవరో ఒకరు చెబుతారు. ఆ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఒక నోటుబుక్కులో రాసి బడిలో ఇవ్వండి.

వేలూరులో అయితే ఆసుపత్రి నుంచి ముందు లాంగ్ బజారు స్తంభం, అక్కడి నుంచి కోట, కోట దాటి శ్మశానం, చివర మక్కాన్ కూడలి. ఎండ ముదరకముందే బయలుదేరితే రిపోర్టు వచ్చే వేళకు తిరిగి రావచ్చు.